వానకు, మంచుకు తగిన టైరు

కారు కొనునపుడు మనము చాల సంగతులు విచారింతుము. ఇంజను బలమెంత, లీటరు పెట్రోలునకు ఎన్ని కిలోమీటర్లు నడచును, లోపల ఎందరు కూర్చుండవచ్చును, రంగు ఎట్టిది - ఇవి యన్నియు అడిగి తెలిసికొందుము. టైర్ల మాట వచ్చునప్పటికి, కారుతో వచ్చినవే గదా యని ఊరకుందుము. అవి అరిగిన పిమ్మట దుకాణమునకు పోయి, ఆ కొలతలో తక్కువ ధరకు ఏది దొరకునో దానిని బిగింపించుకొని వత్తుము. ఎండకాలమున, పొడిరోడ్డు మీద, ఈ అశ్రద్ధ వలన వెంటనే ముప్పు రాకపోవచ్చును. రోడ్డు తడిసిననాడు, అంతకు మించి రోడ్డు మంచుతో కప్పబడిననాడు, అదే అశ్రద్ధ ప్రాణముల మీదికి తెచ్చును.

మంచు కురియని నేల మనది, మంచుటైర్లతో మనకేమి పని యని కొందరు శ్రోతలు శంకింపవచ్చును. పని యున్నది. నేడు తెలుగువారి బిడ్డలు చదువులకై, ఉద్యోగములకై అమెరికాలోని మిచిగన్, ఇల్లినాయ్, మిన్నెసోటా రాష్ట్రములలో, కెనడాలో, జర్మనీలో నివసించుచున్నారు. ఆగస్టు నెలలో విమానము దిగిన విద్యార్థి ఒక పాత కారు కొనును. నవంబరు, డిసెంబరు నెలలలో మంచు పడును. మంచును మొదటిసారి చూచుటయు, దానిపై మొదటిసారి కారు నడుపుటయు ఒక్క వారములోనే జరిగిపోవును. ఇంటినుండి తల్లి ఫోను చేసి చలికోటు కొంటివా యని అడుగును. కారుకు టైర్లు మార్చితివా యని అడుగుట ఎవరికిని తోచదు. ఇక మన యూళ్ళలో మంచు లేకున్నను వాన కలదు. సెలవులలో కాశ్మీరమునకు, హిమాచలమునకు పోవు కుటుంబములును కలవు. కావున ఈ విషయము మనకు దూరమైనది కాదు.

ముందుగా ఒక సంగతి గుర్తింపవలెను. కారు ఎంత పెద్దదైనను, నేలను తాకునది నాలుగు చోట్ల మాత్రమే. ఒక్కొక్క టైరు క్రింద రోడ్డును అంటిపెట్టుకొని యుండు భాగము ఇంచుమించు మన అరచేయంత. ఇంజను కారును ముందుకు లాగుట, బ్రేకు ఆపుట, స్టీరింగు మలుపు త్రిప్పుట - ఈ మూడు పనులును ఆ నాలుగు అరచేతుల మీదుగానే జరుగవలెను. బ్రేకు గట్టిదైనను, చక్రము బిగిసిపోకుండ కాపాడు నూతన యంత్రములు ఉన్నను, అవి టైరునకు ఉన్న పట్టును సద్వినియోగము చేయునే గాని, లేని పట్టును కల్పింపజాలవు. నాలుగు చక్రములకును ఇంజను బలము అందు కార్లు మంచులో సులభముగా కదలును. కాని ఆగునపుడు అవియును తక్కిన కార్ల వంటివే. సులభముగా కదలినది సులభముగా ఆగునని భ్రమించుటచేతనే అట్టి కార్లు కొన్నవారు కొందరు మంచు పడిననాడు రోడ్డు ప్రక్క గోతిలో తేలుదురు.

ఈ పట్టు ఎంత మారునో చిన్న లెక్క వలన తెలియును. గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోవు కారు, బ్రేకు పడిన క్షణమునుండి, మంచి పొడిరోడ్డుపై సుమారు 31 మీటర్లలో ఆగును. రోడ్డు తడిసినచో అది 50 మీటర్లు కావచ్చును. త్రొక్కుడుపడి గట్టిపడిన మంచుపై సుమారు 100 మీటర్లు. నున్నని గడ్డమంచుపై 250 మీటర్లు. ఇవి ఘర్షణను బట్టి కట్టిన స్థూలమైన లెక్కలు. ఆపవలెనని మనస్సునకు తోచి కాలు బ్రేకును చేరులోపల గడచు దూరము ఇందులో చేరలేదు. వేగము సగమైనచో ఈ దూరము నాలుగవ వంతు అగును. వేగము రెట్టింపైనచో నాలుగు రెట్లగును. ఎదుట నిలిచిన బండి 60 మీటర్ల దూరమున ఉన్నదనుకొనుడు. పొడిరోడ్డుపై అది ఒక విశేషమే కాదు. మంచుపై అది ప్రమాదము. టైరును ఎన్నుకొనుట యనగా ఈ దూరములలో కొన్ని మీటర్లను తగ్గించుకొనుట.

మొదట నీటి సంగతి చూతము. టైరు మీది గాడులు అందమునకు పెట్టినవి కావు. పూర్తిగా పొడిగా నున్న రోడ్డుపై గాడులు లేని నున్నని టైరే బాగుగా పట్టును. పందెపు కార్లకు వాడునవి అట్టివే. గాడులు ఉన్నది నీటికొరకు. రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల నీరు నిలిచినదని యనుకొందము. టైరు వెడల్పు 20 సెంటీమీటర్లు, వేగము గంటకు 80 కిలోమీటర్లు. అప్పుడు ఒక్కొక్క టైరు ప్రతి సెకనునకు దాదాపు 13 లీటర్ల నీటిని త్రోసివేయవలెను. అనగా సెకనునకు ఒక బిందెడు నీరు! ఆ నీరు పోవుటకు దారి గాడులే. గాడులు అరిగినకొలది దారి ఇరుకగును. దారి చాలనప్పుడు నీరు టైరు ముందర ఆపులా నిలిచి, తుదకు దాని క్రిందికి చొచ్చుకొని పోయి చక్రమును నేలనుండి పైకెత్తును. అప్పుడు కారు రోడ్డు మీద లేదు, నీటి మీద తేలుచున్నది. స్టీరింగు చేతిలో తేలికగా తిరుగును, బ్రేకు వేసినను ఫలితముండదు.

ఈ తేలుటను గురించి తొలుదొల్త శ్రద్ధగా పరీక్షలు చేసినది విమానములను గూర్చి విచారించినవారు. తడిసిన రన్‌వేపై దిగు విమానములు ఆగక జారిపోవుచుండుటచే, అమెరికా అంతరిక్ష సంస్థయైన నాసా వారి లాంగ్లీ పరిశోధనాలయమున వాల్టర్ హార్న్ మొదలగువారు పరీక్షలు జరిపి 1963లో ఫలితములు ప్రకటించిరి. వారు కనుగొన్న సూత్రము చాల సరళమైనది. టైరు లోని గాలి ఒత్తిడి, చదరపు అంగుళమునకు ఇన్ని పౌనులని తెలిసికొని, దాని వర్గమూలమును తొమ్మిదితో గుణించినచో, టైరు నీటిపై తేలు వేగము నాట్‌లలో వచ్చును. నాట్ అనగా గంటకు 1.85 కిలోమీటర్లు. కారు టైరులో 32 పౌనుల గాలి ఉన్నచో ఆ వేగము గంటకు సుమారు 94 కిలోమీటర్లు. గాలి 24 పౌనులకు దిగినచో సుమారు 82 కిలోమీటర్లకే తేలును. గాడులు నీటిని పంపివేయజాలనప్పటి లెక్క ఇది. గాడులు లోతుగా నున్న టైరు దీనిని మించిన వేగమున గూడ నేలను పట్టుకొనగలదు.

ఈ అంకెలు మన రహదారులకును వర్తించును. హైదరాబాదు చుట్టునున్న బాహ్యవలయ రహదారిపై గరిష్ఠ వేగమును 2023లో గంటకు 120 కిలోమీటర్లకు పెంచిరి. అది పొడిరోడ్డున చెల్లిన వేగము. జడివానలో, అరిగిన టైర్లతో, గాలి చూచుకొనక అదే వేగమున పోవుట తేలు వేగమును తెలిసి తెలిసి దాటుట. ఇంకొక మాట. తొలకరిలో మొదటి జల్లు పడిన గడియయే మిక్కిలి జారుడు గడియ. నెలల తరబడి రోడ్డు మీద పేరిన నూనె, దుమ్ము, రబ్బరు పొడి ఆ కొద్ది నీటితో కలిసి జిగురైన పూత యగును. వాన జోరుగా కురిసి కడిగివేయువరకు ఆ పూత ఉండును. కారు తేలుచున్నట్లు తోచినచో గట్టిగా బ్రేకు వేయకూడదు. యాక్సిలరేటరు నుండి కాలు మెల్లగా తీసి, స్టీరింగును తిన్నగా పట్టుకొనవలెను. వేగము తగ్గగానే టైరు తనంత తాను నేలను చేరును.

నీటిని గెలుచుటకు గాడుల ఆకారము చాలును. చలిని గెలుచుటకు ఆకారము చాలదు, రబ్బరే మారవలెను. ఈ భేదము తెలియకపోవుట వలననే మనవారు కొందరు, “నా టైర్లకు గాడులు కొత్తవి వలె ఉన్నవి, ఇంక మంచుటైర్లు ఎందులకు?” అని అడుగుదురు.

రబ్బరు రోడ్డును పట్టుకొనుటకు కారణము దాని మెత్తదనము. రోడ్డు ఉపరితలమున కంటికి కనబడనన్ని మిట్టపల్లములు గలవు. మెత్తని రబ్బరు ఆ పల్లములలోనికి క్రుంగి, మరల లేచును. ఆ క్రుంగుట లేచుటలలోనే పట్టు పుట్టును. చలి హెచ్చినకొలది రబ్బరు బిరుసెక్కును. బిరుసెక్కిన రబ్బరు పల్లములలోనికి దిగదు. పై పైన జారిపోవును. ఇది ఎంతటి విషయమో లోకమునకు తెలిపిన దుర్ఘటన ఒకటి కలదు. 1986 జనవరి 28వ తేదీన, అమెరికాలో మిక్కిలి చలిగా నున్న ఉదయమున, చాలెంజర్ అను అంతరిక్ష నౌక ఎగిరిన 73 సెకనులకే విచ్ఛిన్నమై ఏడుగురు మరణించిరి. రాకెట్టు అతుకులను మూయు రబ్బరు వలయములు చలికి బిరుసెక్కి, వేడి వాయువును ఆపజాలకపోయినవి. విచారణ సంఘమున సభ్యుడైన భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను ఒక చిన్న బిగింపుతో నొక్కి, మంచుగడ్డలు వేసిన గ్లాసు నీటిలో ముంచి, పైకి తీసి బిగింపు విప్పెను. అది వెంటనే తన రూపమునకు రాలేదు. రోడ్డు మీద టైరునకు సంభవించునదియు ఇట్టిదే.

మన దేశమున అమ్ముడుపోవు టైర్ల రబ్బరు వేడిని తట్టుకొనుటకు కూర్చినది. నడివేసవిలో కాగిన తారురోడ్డు మీద అది అతిమెత్తగా కాకుండ, త్వరగా అరగకుండ ఉండవలెను. అదే టైరు గడ్డకట్టు చలిలో కర్రవలె గట్టిపడును. చలికాలపు టైరు రబ్బరులో వేరు పాళ్ళు కలుపుదురు. అందువలన సున్నకు ఎంతో దిగువ చలిలో గూడ అది మెత్తగా నుండును. సాధారణముగా పగలు, రాత్రి చలి 7 డిగ్రీలకు దిగువకు దిగు కాలము రాగానే టైర్లు మార్చుట మంచిదని తయారుచేయువారు చెప్పుదురు. గమనింపుడు, మంచు పడినప్పుడని కాదు, చలి ఆరంభమైనప్పుడే. దీనికి తిరుగుడుమాటయు నిజమే. చలిటైరు వేసవిలో అతిమెత్తనై త్వరగా అరుగును, ఆగు దూరము పెరుగును. “మంచుకే పనికివచ్చిన టైరు ఎండకు పనికిరాదా” యనుకొని హైదరాబాదులో దానిని వాడుట తెలివికాదు.

ఇక మంచు. తెలుగున మనము పొగమంచును, పైరు మీది మంచుబిందువును, మంచుగడ్డను అన్నిటిని మంచనియే పిలుతుము. టైరునకు మాత్రము ఇవి వేరు వేరు శత్రువులు. ఆకాశమునుండి దూదివలె రాలునది రాలుమంచు. రోడ్డుపై నీరు గట్టిపడి అద్దమువలె అయినది గడ్డమంచు. సగము కరగి నీటితో కలిసినది మంచుబురద. మంచుబురదయందు పని నీటియందువలెనే. దానిని త్రోయుటకు లోతైన, వెడల్పైన గాడులు వలెను.

రాలుమంచు స్వభావము విచిత్రమైనది. మంచును అన్నిటికంటె బాగుగా పట్టునది మంచే. పిల్లలు మంచును చేతులలో నొక్కి బంతి చేయుట బొమ్మలలో చూచియుందుము. నొక్కిన మంచు మంచునకు అంటుకొనును. మంచుటైరు గాడులలో మంచు దట్టముగా నిండి, ఆ నిండిన మంచు రోడ్డు మీది మంచును కరచుకొనును. కావుననే ఈ టైర్ల గాడులు లోతుగా, అంచులు ఎక్కువగా ఉండును. గాడుల నడుమ నున్న రబ్బరు దిమ్మెలపై కత్తితో గీచినట్లు సన్నని గాట్లు అసంఖ్యాకముగా ఉండును. చక్రము దొర్లునపుడు దిమ్మె వంగి ఈ గాట్లు నోళ్ళు విప్పును. ఒక్కొక్క గాటి అంచు మంచును గోరువలె గీరి పట్టును. ఫిన్లండు దేశపు నోకియా పట్టణమున నున్న రబ్బరు కర్మాగారము 1934లో లారీల కొరకు, 1936లో కార్ల కొరకు ఇట్టి మంచుటైర్లను తయారుచేసి లోకమునకు దారి చూపినది.

గడ్డమంచు అన్నిటికంటె కఠినమైనది. చలి ఎక్కువైనకొలది అది మఱింత జారునని మనము తలతుము. నిజమునకు సున్న డిగ్రీల సమీపమున, ఉపరితలమున సన్నని నీటిపొర యున్నప్పుడే అది మిక్కిలి జారుడు. మైనస్ 20 డిగ్రీల చలిలో గడ్డమంచు పొడిగా నుండి కొంత పట్టు ఇచ్చును. పగలు కరగి, సాయంకాలము మరల గట్టిపడు వేళ, వంతెనల మీద, చెట్ల నీడల క్రింద, నల్లని తారు కనబడునంత పలుచని గడ్డమంచు ఏర్పడును. తడి యని పొరబడి వేగముగా పోవువారికి అది యమపాశము.

గడ్డమంచును జయించుటకు రెండు మార్గములు వచ్చినవి. మొదటిది టైరులో గట్టి లోహపు మేకులు దిగగొట్టుట. పట్టు బాగుగా నుండును గాని, మంచు లేని చోట ఆ మేకులు రోడ్డును గీరి పాడుచేయును. జర్మనీ దేశమున వాటిని 1975 నుండి నిషేధించిరి. జపాను దేశమున సెండాయ్ నగరము మొదలగు చోట్ల మేకులు రేపిన దుమ్ము ఊరంతయు కమ్మి జనులు దగ్గులతో బాధపడుటచే, 1990లో అక్కడ చట్టము చేసిరి. ఆ యిబ్బంది నుండియే రెండవ మార్గము వృద్ధి పొందినది. రబ్బరులోనే సూక్ష్మమైన రంధ్రములు కల్పించి, గడ్డమంచు మీది పలుచని నీటిపొరను ఆ రంధ్రములు పీల్చుకొనునట్లు చేసిరి. నీరు తొలగిన చోట రబ్బరు గడ్డమంచును నేరుగా తాకును. 1988లో జపానులో బ్రిడ్జ్‌స్టోన్ వారు బ్లిజాక్ అను పేర ఇట్టి టైరును విడుదల చేసిరి. మేకులు లేకయే గడ్డమంచు మీద నడచు టైర్లు నేడు చాల దేశములలో వాడుకలో నున్నవి.

టైరు కొనబోవువాడు దుకాణదారుని మాట వినుటకు ముందు టైరు ప్రక్కన అచ్చువేసిన గుర్తులను చదువవలెను. ఎమ్, ఎస్ అను రెండక్షరములు కలిసి యున్నచో, అది బురదకును, మంచునకును పనికివచ్చునని తయారుచేసినవారు తమంత తాము చెప్పుకొన్నారని అర్థము. గాడుల రూపమును బట్టియే ఆ అక్షరములు వేయవచ్చును. మంచు మీద పరీక్ష జరిగినదన్న పూచీ అందు లేదు. మూడు శిఖరముల పర్వతము, దాని లోపల మంచుపువ్వు - ఈ బొమ్మ యున్నచో, ఆ టైరును మంచు మీద పరీక్షించి, నిర్ణీతమైన కొలతటైరు కంటె నూటికి కనీసము పదిపాళ్ళు హెచ్చుగా పట్టు కలదని తేల్చినారని అర్థము. ఉత్తర అమెరికాలో 1999లో వచ్చిన ఈ గుర్తును పిదప ఐరోపా దేశములును స్వీకరించినవి. అయితే ఈ పరీక్ష రాలుమంచు మీది పట్టునకే, గడ్డమంచునకు కాదు. ఐరోపాలో 2021 నుండి అమలులో నున్న టైరు చీటీపై తడిరోడ్డు పట్టునకు ఏ నుండి ఇ వరకు తరగతులును, గడ్డమంచునకు వేరుగా ఒక గుర్తును ముద్రించుచున్నారు. మన దేశమున గూడ తడిరోడ్డు పట్టునకు కనీస ప్రమాణములు ఉండవలెనని 2022లో నియమములు వచ్చినవి.

ఇచట ‘ఆల్ సీజన్’ అను మాటను గూర్చి హెచ్చరింపవలెను. 1977లో గుడ్‌ఇయర్ వారు ఇట్టి టైరును అమెరికాలో ప్రవేశపెట్టిన తరువాత, అక్కడి కార్లలో పెక్కింటికి ఇవియే వచ్చుచున్నవి. మాటను బట్టి అన్ని ఋతువులకును సరిపోవుననుకొందుము. వానకు, లేత చలికి ఇవి సరిపోవును. కాని చాల వాటిపై పర్వతపు గుర్తు ఉండదు. గట్టి చలికాలమునకు ఇవి ఉద్దేశింపబడలేదు. పాత కారు కొన్న విద్యార్థి చేతికి వచ్చునవి తరచుగా ఇట్టివే, అదియు సగము అరిగినవి. ‘ఆల్ వెదర్’ అని ఈ మధ్య అమ్ముచున్నవి వేరు. వాటిపై పర్వతపు గుర్తు ఉండును; ఏడాది పొడుగున వాడవచ్చును. పేర్లు ఇంత దగ్గరగా నుండుటచే, పేరును నమ్మక గుర్తును చూచి కొనుట ఉత్తమము.

ఇంకొక అంకె చదువదగినది. డి.ఓ.టి. అను అక్షరములతో మొదలగు వరుస చివర నాలుగంకెలు ఉండును. 3524 అని యున్నచో, 2024వ సంవత్సరము 35వ వారమున ఆ టైరు తయారైనది. రబ్బరు వాడకున్నను ముదురును. గాడులు లోతుగా కనబడినను, పదియేండ్ల నాటి టైరును కొనకూడదు. గాడి అడుగున అచ్చటచ్చట చిన్న అడ్డకట్టలు ఉండును. పై రబ్బరు అరిగి ఆ కట్టతో సమమైనచో 1.6 మిల్లీమీటర్లే మిగిలినదని గుర్తు. చట్టము దృష్టిలో టైరు అప్పటికి ముగిసినది. వాన దృష్టిలో 3 మిల్లీమీటర్ల వద్దనే ముగియవచ్చినది. మంచు దృష్టిలో 4 మిల్లీమీటర్ల వద్దనే. అమెరికాలోని మన పిల్లలకు సులభమైన కొలత చెప్పెదము. అక్కడి పావు డాలరు నాణెమును వాషింగ్టన్ తల క్రిందికి వచ్చునట్లు గాడిలో దించవలెను. తల పైభాగము పూర్తిగా కనబడినచో, ఆ టైరుతో చలికాలమును దాటదలచుట తగదు.

మఱి ఎవరు ఏది కొనవలెను? నెలల తరబడి మంచు నిలుచు చోట్ల - మిన్నెసోటా, మిచిగన్ ఉత్తరభాగము, కెనడాలో చాల ప్రాంతములు - చలికాలమునకు వేరుగా నాలుగు చలిటైర్లు ఉండుటయే సరియైన పద్ధతి. రెండు జతలు కొనుట దుబారా యని తోచవచ్చును. కాని ఒక జత నడచునపుడు రెండవది అరగక యుండును. రెండును కలిసి రెట్టింపు కాలము వచ్చును. అదనపు ఖర్చు ముఖ్యముగా ఇనుప చక్రములకును, ఏటేట మార్పించు కూలికిని మాత్రమే. మంచు ఏడాదిలో కొన్ని దినములే పడి, మరునాటికి రోడ్లు శుభ్రపడు చోట్ల పర్వతపు గుర్తుగల ఆల్ వెదర్ టైరు చాలును. మంచే లేని మన ప్రాంతమున తడిపట్టు బాగుగా నున్న సాధారణ టైరు చాలును; అచ్చట చూడవలసినది గాడుల లోతు, గాలి.

కొన్ని దేశములు ఈ నిర్ణయమును పౌరుల ఇష్టమునకు విడువలేదు. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రమున డిసెంబరు 1వ తేదీ నుండి మార్చి 15వ తేదీ వరకు కార్లకు చలిటైర్లు ఉండితీరవలెను. జర్మనీ దేశమున మంచు, గడ్డమంచు ఉన్న రోడ్డుపై చలిటైరు లేక నడపకూడదు. 2024 అక్టోబరు నుండి అక్కడ ఎమ్, ఎస్ అక్షరములు మాత్రమే చాలవు, పర్వతపు గుర్తు ఉండవలెను. అమెరికాలో చాల రాష్ట్రములందు ఇట్టి శాసనము లేదు. శాసనము లేని చోట ఆ భారము నడుపువాని వివేకముపై పడును.

ఒక పొరపాటును ముఖ్యముగా నివారింపవలెను. ఖర్చు తగ్గునని ఇంజను బలము అందు ముందు చక్రములకు మాత్రమే చలిటైర్లు వేయించువారు కలరు. అప్పుడు ముందు చక్రములు రోడ్డును పట్టును, వెనుకవి పట్టవు. మలుపులో బ్రేకు పడినచో కారు వెనుకభాగము ప్రక్కకు జారి, బండి బొంగరమువలె తిరుగును. నాలుగును ఒకే విధమైనవి ఉండవలెను. తప్పనిసరియై రెండే కొత్తవి కొన్నచో, మంచునకైనను వానకైనను, ఎక్కువ గాడి గలవి వెనుకకు వేయించుట క్షేమము. ముందు చక్రములు జారినచో వేగము తగ్గించి సర్దుకొనవచ్చును. వెనుక చక్రములు జారినచో సర్దుకొను నేర్పు సామాన్యులకు ఉండదు.

హిమాలయములకు పోవువారికి ఒక మాట. 2020లో రోహ్‌తాంగ్ క్రింద సుమారు 9 కిలోమీటర్ల అటల్ సొరంగము తెరచిన తరువాత, చలికాలమున గూడ మనాలి నుండి లాహౌల్ లోయకు యాత్రికులు పోవుచున్నారు. సొరంగము లోపల మంచు లేదు. బయటకు రాగానే ఉన్నది. మైదానపు టైర్లతో వచ్చిన సొంత కారును అక్కడ నడపబోక, గొలుసులు ఉన్న స్థానికుల బండిలో పోవుట మేలు. న్యూయార్క్ రాష్ట్రవాసి హ్యారీ వీడ్ 1904లో హక్కుపత్రము పొందిన ఈ గొలుసు నేటికిని కొండదారుల ఆపద్బాంధవియే. అయితే మంచు ఉన్న చోటనే, ఇంజను బలము అందు చక్రములకు దానిని కట్టి, మెల్లగా నడపవలెను. మంచు దాటగానే విప్పవలెను.

తగిన టైరు కొన్న తరువాతను గాలిని మరువరాదు. చలికి గాలి ముడుచుకొనును. ప్రతి ఆరు డిగ్రీల చలికి ఇంచుమించు ఒక పౌను ఒత్తిడి తగ్గును. సెప్టెంబరులో 27 డిగ్రీలప్పుడు సరిగా నింపిన టైరు, జనవరిలో మైనస్ 13 డిగ్రీల నాటికి, ఎక్కడను కారకయే ఆరేడు పౌనులు కోల్పోవును. నెలకొకసారి, బండి నడపక మునుపు చల్లగా నున్నప్పుడు చూచి, కారు తలుపు ప్రక్క చీటీపై వ్రాసిన మేరకు నింపవలెను.

ఎంత మంచి టైరైనను మంచురోడ్డును పొడిరోడ్డుగా మార్చలేదు. అది నూరు మీటర్లను డెబ్బది యెనుబదికి తగ్గించునేమో గాని ముప్పదికి తేలేదు. మిగిలిన దూరమును నడుపువాడు తన వేగముతోనే పూడ్చుకొనవలెను. మలుపునకు ముందే నెమ్మదించుట, బ్రేకును స్టీరింగును ఒక్కసారిగా వాడకుండుట, ముందరి బండికి చాల ఎడమిచ్చుట - ఇవి టైరుతో పాటు రావలసిన అలవాట్లు.

చలిదేశమున బిడ్డలున్న తల్లిదండ్రులను ఒకటి కోరుచున్నాము. అక్టోబరు నెల రాగానే ఫోనులో నాలుగు ప్రశ్నలు అడుగుడు. టైరుపై పర్వతపు గుర్తు ఉన్నదా? గాడి 4 మిల్లీమీటర్లు మిగిలినదా? తయారైన సంవత్సరమేది? నాలుగును ఒకే విధమైనవా? ఒక్కదానికైనను ‘తెలియదు’ అని బదులు వచ్చినచో, ఆ సాయంకాలమే టార్చి పట్టుకొని పోయి చూచి రమ్మనుడు. మంచు కొన్ని వారములు ఆగును. టైర్లు మార్పించు దుకాణములలో వరుస మాత్రము మంచు పడిననాటి నుండి పెరుగును.